ఇరవైమంది క్లయింట్లు

బందరు కాలేజీలో ల్యాబ్ పరీక్ష. ఒకేసారి ఇరవైమందికి ఫైలు పంపగల సర్వర్ ప్రోగ్రాము రాయాలి. అందరికంటే ముందు షీబా రాసేసింది.

సార్ టీకి వెళ్ళగానే పక్క బెంచీ అనుదీప్ ఆమె దగ్గరికి వచ్చాడు. "ఒక్కరితో టెస్ట్ చేస్తే ఏం తెలుస్తుందండీ? మేమంతా క్లయింట్లుగా మీ సర్వర్‌కి కనెక్టవుతాం, పంపండి."

పంపడానికి వేరే ఫైలేదీ లేక షీబా తన ప్రోగ్రామునే పెట్టింది. ఇరవైమందికీ ఒకేసారి చేరింది. సార్ తిరిగి రాగానే అందరూ దాన్నే తమ పేర్లతో ప్రింట్లు తీసి ఇచ్చేశారు. పంపే పనిలో నెమ్మదించిన ఆమె కంప్యూటరు మాత్రం చివర్లో ప్రింటు ఇచ్చింది.

సార్ కాగితాలు తిరగేశారు. "అన్నీ ఒకటే! చివర ఇచ్చింది నువ్వు. కాపీ కొట్టావు కదూ? సున్నా వేస్తున్నాను."

"నేనే రాశానండీ."

"నువ్వే రాస్తే, అది ఇరవైమందికి పంపుతుందని రుజువేదమ్మా?"

షీబా తల వంచుకునే చెప్పింది. "నాది కాక మీ చేతిలో ఇరవై ఉన్నాయండీ."