మాండ గారి ఇంటర్వ్యూ

పంటి డాక్టరు దగ్గరికని ఊళ్లో చెప్పి వచ్చిన నెవెంక, మేనత్త అంత్యక్రియలకని చెప్పి వచ్చిన ఫ్రానే పక్కన ఒకే బెంచీ మీద కూర్చోవలసి వచ్చింది.

“పన్ను ఎలా ఉంది?” అన్నాడు ఫ్రానే.

“సలుపుతోంది. మీ అత్తని పూడ్చేశారా?”

“ఇంకా లేదు. ఆవిడకి తొందరేముందిలే.”

ఇద్దరిదీ సముద్రం ఒడ్డున ఒకే వీధి. రోజూ పొద్దున్నే ఒకరినొకరు చూసుకుని మూతి తిప్పుకునేవాళ్లు. అలాంటిది, ఆరుగంటలు ప్రయాణం చేసి, సముద్రమన్న మాటే వినపడని ఈ మొక్కజొన్న చేల పల్లెలో, మాండ గారి పెరట్లో, ప్లమ్ చెట్టు కింద ఒకరికొకరు దొరికిపోయారు. నెవెంక ఒళ్లో గుడ్డ కట్టిన పళ్లెం ఉంది. దాన్నిండా తెల్లవారుజామునే లేచి వేయించి, పంచదార చల్లిన క్రోష్టులె అనే కరకరలాడే పిండివంట. ఫ్రానే ఒళ్లో పింగాణీ గిన్నె. మూత పెట్టినా ఉప్పుచేపల వాసన దాగడం లేదు. వాళ్ల వెనక బెంచీ మీద మరో ముగ్గురు, వాళ్ల ఒళ్లలోనూ ఏవో మూటలు.

మాండ గారంటే మాటలు కాదు. ముప్పై ఏళ్లుగా ఈ రంగంలో ఉన్న మనిషి. తీరం పొడుగునా ఆవిడ చెయ్యి పడని పెద్ద హోటలు లేదు. ఏటా ఈస్టర్ ముందు వారంలో ఇలా పిలిపించి, అందరినీ చూసి, ఒక్కరినే ఎంచుకుంటుంది. ఆవిడ సరే అంటే ఆ వేసవి గట్టెక్కినట్టే.

నెవెంకకి అలా గట్టెక్కడం చాలా అవసరం. ఈ నెలలో ఇప్పటికే మూడు చోట్లకి వెళ్లింది. మూడు చోట్లా మర్యాదగా కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఆలోచించి చెబుతామన్నారు. ఇంతవరకూ ఎవరూ ఏమీ చెప్పలేదు. మే ఒకటో తారీఖు మూడు వారాల్లోకి వచ్చేసింది. ఇదీ తప్పిపోతే ఈ వేసవి ఎలా గడుస్తుందో తలుచుకుంటేనే ఆమెకి భయంగా ఉంది.

భర్త యూరే కారు నడుపుతూ దారిపొడవునా పాఠం చెప్పాడు. నవ్వుతూ ఉండమన్నాడు. అడిగినదానికే జవాబు చెప్పమన్నాడు. ఏమైనా సరే గొంతు మాత్రం పెంచవద్దని నాలుగుసార్లు చెప్పాడు. పోయినేడు ఆగస్టులో కొంప ముంచింది ఆ గొంతే మరి.

మాండ గారి భర్త పావో గుమ్మంలోకి వచ్చి, కాగితం చూసి, ముందు ఫ్రానేని పిలిచాడు. ఫ్రానే కాలరు సర్దుకుని, గిన్నె గుండెకి హత్తుకుని లోపలికి వెళ్లాడు. పది నిమిషాలకి లోపల ఏదో భళ్లున పగిలింది. ఆ వెంటనే, అది తన నాయనమ్మ ఇటలీ నుంచి తెచ్చిన గిన్నె అని ఫ్రానే గట్టిగా చెప్పడం వినిపించింది. కాసేపటికి ఎర్రబడ్డ మొహంతో, ఉత్తచేతులతో బయటికొచ్చాడు.

“ఏమడిగారు?” అంది నెవెంక.

“అంత్యక్రియలకి ఆలస్యమవుతోంది,” అని ఆగకుండా వెళ్లిపోయాడు.

తర్వాత పిలుపు నెవెంకకే.

మాండ గారు బల్ల చివర కూర్చుని ఉంది. భారీ మనిషి. ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, మోచేతుల దాకా ఎర్రటి చేతులు, ముందొక నోటుపుస్తకం. నెవెంక పళ్లెం బల్ల మీద పెట్టి, యూరే చెప్పినట్టే నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

“ఎన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నావమ్మాయ్?”

“పెళ్లయినప్పటి నుంచీనండి. ఇరవై ఆరేళ్లు.”

“ఆదివారాల సంగతేంటి?”

“మీరెలా అంటే అలాగే.”

ఆవిడ ఏదో రాసుకుంది. “పోయినేడు ఆగస్టులో ఎందుకు చెడింది? అబద్ధం చెప్పకు. మీ వీధిలో కనుక్కున్నాను.”

నెవెంక నవ్వు ఆరిపోయింది. దారిలో బట్టీపట్టిన జవాబొకటి ఉంది కానీ, ఆ కళ్లద్దాల ముందు అది నోటికి రాలేదు.

“నోరు జారానండి. వంటింటి మధ్యలో నిలబడి అరిచాను. తప్పు నాదే. తర్వాత క్షమాపణ అడుగుదామనుకున్నాను, కానీ అప్పటికే అంతా అయిపోయింది.”

మాండ గారు ఊఁ అని లేచి, క్రోష్టులె పళ్లెం అందుకుని అలమర వైపు నడిచింది. సగం దూరంలో పళ్లెం జారి కిందపడి నాలుగు ముక్కలైంది. నేలంతా పంచదార.

నీలిపువ్వుల పళ్లెం. నెవెంక వాళ్లమ్మది. ఆ సెట్టులో మిగిలింది అదొక్కటే. మాండ గారు అయ్యో అనలేదు, వంగనూ లేదు. కళ్లద్దాల పైనుంచి నెవెంకనే చూస్తూ నిలబడింది. నెవెంక గొంతులోకి పోయినేటి ఆగస్టు మొత్తం ఎగదన్నుకొచ్చింది. నోరు తెరిచింది కూడా. అంతలో ఆవిడ వేలి మీద ఎర్రగా ఏదో కనిపించింది.

“చెయ్యి తెగిందా? ఏదీ, ఇలా చూపించండి,” అంటూ గబగబా వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంది.

తెగలేదు, పాత మచ్చే. అయినా ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

“పళ్లెం నీకు ముఖ్యమైనదే కదూ?”

“అమ్మదండి,” అంది నెవెంక. అనగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. “పోనివ్వండి. పళ్లేలన్నాక పగులుతాయి.”

మాండ గారు భర్తని కేకేసి, బయట కూర్చున్నవాళ్లని పంపించెయ్యమని చెప్పింది. నోటుపుస్తకం మూసేసి, కళ్లద్దాలు తుడుచుకుంది.

“ముప్పై ఏళ్లలో పగిలినదాని కంటే ముందు నా చెయ్యి చూసింది నువ్వొక్కదానివే,” అంది.

“అంటే నన్ను…” అంది నెవెంక.

“మే ఒకటిన వచ్చి నీ హోటల్లో గిన్నెలు తోముతాను.”