మూడు పనిదినాలు

"ఈ నెల ముప్పైతో నా ఉద్యోగం ఆఖరంట కదండీ?"

గుమ్మంలో దీనమ్మ నిలబడి ఉంది. చేతిలో అద్దాలు తుడిచే గుడ్డ. సూర్యప్రకాశం తలెత్తలేదు. తలెత్తితే జవాబు చెప్పాలి.

నరసాపురంలోని ఆ లేసు అల్లికల మ్యూజియం ఒక ట్రస్టుది. లాభం కోసం నడిచేది కాదు. నష్టం మాత్రం క్రమం తప్పకుండా వస్తుంది. సూర్యప్రకాశం దానికి ఫైనాన్స్ మేనేజరు. దీనమ్మ పదహారేళ్లుగా అక్కడి గదులను కనిపెట్టుకుని ఉంటోంది. చూపు మందగించి అల్లిక మానేశాక ఆమెకు ఆధారం ఆ ఏడు వేల జీతమే. అది టికెట్ల డబ్బులోంచి ఇచ్చే జీతం. ఈ ఏడు టికెట్లు తెగలేదు.

అలాగని ఖాతాలో డబ్బు లేకపోలేదు. నాలుగు లక్షలు ఉంది. పాత లెక్కల పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే ప్రాజెక్టుకని ఒక దాత ఇచ్చిన సొమ్ము. ఇంకో పనికి అందులోంచి పైసా తీయాలన్నా ట్రెజరర్ ఒప్పుకోవాలి.

"ట్రెజరర్ గారికి ఉత్తరం రాస్తానమ్మా," అన్నాడు సూర్యప్రకాశం.

రాశాడు. దీనమ్మకు ఆరు నెలల జీతం ప్రాజెక్టు సొమ్ములోంచి ఇప్పించమని కోరాడు. కవర్లో పెట్టి, అంటించి, ట్రెజరర్ ట్రేలో పెట్టాడు. ఏ ఉత్తరమైనా మూడు పనిదినాలు పరిశీలనలో ఉండాలన్నది నిబంధన. మూడూ గడిచాయి. జవాబు రెండు ముక్కలు.

'ఆ సొమ్ము లెక్కలకు, అద్దాలు తుడవడానికి కాదు. తిరస్కరించడమైనది.'

దీనమ్మ ఆ ట్రెజరర్‌ని ఎన్నడూ చూడలేదు. పాతాయన రాజమండ్రి నుంచి వచ్చిపోయేవారు. ఆయన జనవరిలో మానేశారనీ, ఇప్పుడున్నాయన మహా గట్టి మనిషనీ మాత్రం విన్నది.

"మీరు ఎదురుగా కూర్చుని గట్టిగా అడగొచ్చు కదండీ?"

"ఎదురుగా కూర్చోవడమే కుదరడం లేదు దీనమ్మా."

"పోనీ నన్ను తీసుకెళ్లండి. కాళ్ల మీద పడతాను."

"వద్దు, వద్దు!" సూర్యప్రకాశం కాళ్లు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

"ఇంట్లోనూ ఇంతేనేంటండీ ఆ మనిషి? ఆ ఇల్లాలు ఎలా వేగిందో, పాపం!"

సూర్యప్రకాశం కిటికీ వైపు తిరిగాడు.

"ఆవిడా ఆ మాటే అనేది," అన్నాడు.

రెండో ఉత్తరం ఒకటిన్నర పేజీ వచ్చింది. పదహారేళ్లలో ఒక్క అద్దం పగలనివ్వలేదని రాశాడు. వరద నీళ్లు లోపలికొచ్చిన రోజు లేసులన్నీ నెత్తిన పెట్టుకుని మేడ మీదికి చేర్చింది ఆమేనని రాశాడు. రాస్తూ రెండుసార్లు కళ్లజోడు తుడుచుకున్నాడు. మళ్లీ మూడు పనిదినాలు.

'ఉత్తరం చదివి మనసు కరిగింది. నిబంధన కరగలేదు.'

సూర్యప్రకాశం ఆ వాక్యాన్ని రెండోసారి పైకి చదివాడు. "బాగానే రాశారు," అన్నాడు.

"నా పొట్ట కొట్టి, బాగా రాయడమేంటండీ!" అంది దీనమ్మ.

ఆ మర్నాడే, లెక్కలు కంప్యూటర్లోకి ఎక్కించడానికి వచ్చిన లావణ్య ఒక పాత పుస్తకం పట్టుకుని మేడ మీద సూర్యప్రకాశం గదికి వచ్చింది.

"సార్, ఇది లెక్కల పుస్తకమా, ముగ్గుల పుస్తకమా?"

పేజీ నిండా చిన్న చిన్న బొమ్మలు. ఆ రోజుల్లో లేసు అల్లి తెచ్చే ఆడవాళ్లలో చాలామందికి చదువు రాదు. తమ లెక్క తామే చూసుకునేందుకు వీలుగా అప్పటి గుమస్తా అల్లిక పేరు రాయకుండా దాని బొమ్మ గీసేవాడు.

అక్కడే బీరువా అద్దాలు తుడుస్తున్న దీనమ్మ వంగి చూసింది. కళ్లు చికిలించింది. ఆనలేదు. లావణ్య ఆ పేజీని ఫోటో తీసి, ఆ గదిలోని కంప్యూటర్ మీద అరచేతులంత బొమ్మలు చేసి చూపించింది.

"ఇది చిలకముక్కండి. పక్కన మూడు గీతలున్నాయంటే మూడు డజన్లు. ఇది జాలిపువ్వు." దీనమ్మ వేలు ఒకచోట ఆగింది. "ఈ అల్లిక మా అమ్మ ఒక్కతే వేసేది. ఇది మా అమ్మ లెక్కండి."

లావణ్య టైపు చేయడం ఆపి ఆమె వైపు చూసింది. తర్వాత సూర్యప్రకాశం వైపు తిరిగింది. "ఇలాంటి పుస్తకాలు పదకొండున్నాయి సార్. ఈవిడ లేకపోతే నా వల్ల కాదు."

సూర్యప్రకాశం ఆ పూటే మూడో ఉత్తరం రాశాడు. 'పాత పుస్తకాలు చదివి చెప్పే మనిషి ఈ ప్రాజెక్టుకు అవసరం. ఆ పని తెలిసినది దీనమ్మ ఒక్కతే. దాత షరతుకు ఇందులో భంగం లేదు.'

"మరి ఇవాళే ఒప్పుకుంటారాండీ?" అంది దీనమ్మ.

"మూడు పనిదినాలమ్మా."

"ఎవరండీ ఆ మూడు రోజులు పెట్టింది?"

"ట్రెజరర్ గారే."

"ఆయన అన్నం తింటాడా, రూల్సు తింటాడా?"

సూర్యప్రకాశం దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ముప్పయ్యో తారీఖు వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి గడువు తీరుతుంది. దీనమ్మ కింద మెట్ల మీద కూర్చుని కళ్లు మూసుకుంది.

"ప్రభువా, ఆ మనిషి మనసు కాస్త మెత్తబరచు తండ్రీ."

మూడయింది. మేడ మీద గది తలుపు దగ్గరగా వేసి ఉంది. ట్రేలోని కవరు చింపిన చప్పుడు, ఆ తర్వాత చాలాసేపు ఫ్యాను చప్పుడు.

'మంజూరు చేయడమైనది' అని రాసి, కింద ఆకుపచ్చ సిరాతో ట్రెజరర్‌గా సంతకం పెట్టి, అది ఆరేదాకా ఊది, కవర్లో పెట్టి అంటించి, సూర్యప్రకాశం లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి మేనేజరు కుర్చీలో కూర్చుని, జవాబు ఏమొచ్చిందోనని ఆ కవరు విప్పాడు.