లెక్కల చదువుకు ఎంతొస్తది?

“పన్నెండు వేలు,” అన్నాడు బిజినేపల్లిలో ప్రైవేటు బడి నడిపే కరస్పాండెంటు. “ఎమ్మెస్సీ లెక్కలు చదివినోళ్లు నా దగ్గర ఇద్దరున్నరు. మా బస్సు డ్రైవర్‌కు పద్నాలుగు. డ్రైవర్లు దొరుకుతలేరు మరి.”

వెంకట్రాములు నవ్వలేదు. ఆ మాటే కాగితం మీద రాసి బడి స్టాంపు వేసి ఇస్తారా అని అడిగాడు.

కరస్పాండెంటుకు వింతగా తోచింది. ఇంట్లోవాళ్లు నోటిమాట నమ్మరా అని నవ్వి, చీటీ రాసి స్టాంపు గుద్దాడు. “నర్సింగు చెప్పియ్యరాదు పెద్దాయనా. లెక్కల సారు జీతం లెక్కపెట్టనీకి లెక్కలు రానవసరమే లేదు.”

వెంకట్రాములుది గోపాల్‌పేట దగ్గర పల్లె. కాలువ నీళ్లు పారే రెండెకరాలు, వాన పడితే పండే ఎకరం చెలక, ఒక ట్రాక్టరు. పల్లి వేస్తాడు. ఊరిబడిలో ఏడో తరగతి దగ్గర ఆగాడు. ఎమ్మెస్సీ అంటే ఎన్నేళ్ల చదువో ఈ ఏడాదే తెలిసింది.

తేలాల్సింది ఒకటే. ఆ చదువుకు విలువ ఎక్కువని తేలితే కాలువ కింది రెండెకరాలు అమ్మాలి. తక్కువని తేలితే భూమి దక్కుతుంది. సోమవారం లోపల తేల్చుకోవాలి.

లక్ష్మీదేవమ్మది మొదటినుంచీ ఒకే మాట. పొలం పోతే గణేష్‌కు ఏం మిగులుతుందని. గణేష్ వాళ్ల కొడుకు. ఇంటరు తప్పి పల్లీల మిల్లులో పనికి పోతున్నాడు. “ఒక పిల్ల చదువుకని ఇంకో పిల్లగాని నోట్ల మన్ను కొడ్తవా?” అంది మొగుణ్ని.

స్టాంపు చీటీ చూశాక ఆమె ముఖం తేటపడింది. ఇట్లాంటివే ఇంకో రెండు తెమ్మంది.

తెచ్చాడు. గద్వాలలో కోచింగ్ సెంటరాయన పదిహేను వేలని రాసిచ్చాడు. సెలవుల్లో అదీ ఉండదన్నాడు. నాగర్‌కర్నూల్‌లో జిరాక్సు షాపు ముజీబ్ అయితే పైసా తీసుకోకుండానే చీటీ ఇచ్చాడు. “నేనూ గదే చదివిన అన్నా. నన్ను చూసినంక ఇంకా అడగాల్నా?” అన్నాడు, మిషను మూత దించుతూ.

చీటీలు పెరిగేకొద్దీ వెంకట్రాములుకు అన్నం తగ్గింది.

గద్వాల నుంచి వచ్చేటప్పుడు ఎర్ర రేడియం స్టిక్కర్లు తెచ్చాడు. ట్రాలీ వెనక అంటించి, ఇరవై అడుగులు నడిచి, తిరిగి చూశాడు. మళ్లీ పోయి ఇంకో వరుస అంటించాడు.

“ఇప్పుడేంటికి గియ్యి?” అంది లక్ష్మీదేవమ్మ.

అతను మిగిలిన స్టిక్కర్లు ట్రాక్టరు సీటు కింద పెట్టాడు.

శనివారం వనపర్తి పోయాడు. సంచిలో ఒక నోటుబుక్కు ఉంది. అది ఇన్నాళ్లూ విత్తనాల డబ్బాలో అడుగున ఉంది. లక్ష్మీదేవమ్మకు కూడా తెలియదు.

కాలేజీలో లెక్కలు చెప్పే సుమన మేడం కూడా మొదట అందరూ చెప్పిందే చెప్పింది. పోస్టులు పడవు, పడ్డా పదికి వెయ్యిమంది ఉంటారంది. వెంకట్రాములు సరేనని లేవబోయి, ఆగాడు. నోటుబుక్కు తీసి ఆమె ముందు పెట్టాడు. అట్ట ఊడిపోయింది. అంచులకు ఎర్రమట్టి.

“ఆ పిల్ల రాసింది గిది. నాకు తెల్వదు. మీరు జర చూసి చెప్పుండ్రి మేడం.”

ఆమె నిలబడే రెండు పేజీలు తిప్పింది. మూడో పేజీ దగ్గర కూర్చుంది. ఒకచోట వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. పెన్ను తీసి తన కాగితం మీద ఏదో చేసి, రెండూ పక్కపక్కన పెట్టుకుంది. గంట కొట్టారు. ఆమె లేవలేదు.

“ఇది నేనైతే రెండు పేజీలల్ల చేస్త. ఈ పిల్ల ఆరు లైన్లల్ల చేసింది,” అంది చివరికి. “ఎవరన్న చెప్పిన్రా, తనే చేసిందా?”

“తెల్వదు మేడం.”

“కాకా, నేను ముందు చెప్పింది మామూలోళ్ల సంగతి. ఈ పిల్ల గట్ల కాదు. ఎక్కడికి పోయినా నెలకు అరవై వేలకు తక్కువ రాదు. ఒక్కసారి తీసుకరా, నేను మాట్లాడుత.”

వెంకట్రాములు నోటుబుక్కును తువ్వాలలో చుట్టాడు. ఆమె కాగితం మీద రాసిస్తానంటే వద్దని తల ఊపి బయటికి నడిచాడు.

సోమవారం ఇద్దరూ పొద్దుటి బస్సెక్కారు. లక్ష్మీదేవమ్మ మూడు చీటీలూ తీసుకొని, పన్నెండు వేలది పైకి వచ్చేలా సర్దింది. ఏం చెప్పాలో దారంతా చెప్పింది. పన్నెండు అనాలి. అని ఊరుకోవాలి. ఇంకొక మాట ఎక్కువొద్దు.

లోపలికి పిలిచారు. పక్క బెంచీ మీద ఒక పెద్దావిడ ఒక్కతే కూర్చుని ఉంది. వెంకట్రాములు అటు చూడలేదు. బల్ల అవతల కళ్లజోడాయన చీటీలు ఒకటొకటిగా చదివి పక్కన పెట్టాడు.

“ఇవి సరే. నువ్వేమంటవు? ఈ చదువుకు నెలకు ఎంతొస్తది?”

లక్ష్మీదేవమ్మ మోచేత్తో పొడిచింది.

వెంకట్రాములు లేచి తువ్వాల విప్పాడు.

లైటూ బీమా లేకుండా తను రోడ్డు మీద నిలిపిన ట్రాలీని మునిమాపు వేళ స్కూటీతో గుద్దుకొని చనిపోయిన సిద్రా నోటుబుక్కును, పరిహారం కోసం కేసు వేసి బెంచీ మీదున్న ఆ పిల్ల తల్లి సకీనాబీ ఒళ్లో పెట్టి, “అరవై వేలు, జడ్జిగారూ,” అన్నాడు.