పుట్టింటి సొత్తు

“మా వంశంలో ఈ రోగం యాడుండాది? నువ్వే మీ అమ్మగారింటి నుంచి మోసుకొచ్చింటావు!”

కర్నూలు ఆసుపత్రిలో, డాక్టర్ స్వర్ణలత ఎదుటే లక్ష్మీదేవమ్మ కోడలి మీద విరుచుకుపడింది. శిల్ప పదేళ్ల కూతురిని ఒళ్లోకి లాక్కుంది. ఈమధ్య రెండుసార్లు ఫిట్స్ వచ్చి పడిపోయిన పిల్ల. ఆ పిల్ల తలకు తీసిన ఎమ్మారై స్కాన్ బొమ్మ కంప్యూటర్ తెర మీద ఉంది. మెదడులో ఒక మూల రక్తనాళాలు చిక్కుపడిన దారపు ఉండలా కనిపిస్తున్నాయి.

“ఇది చిట్లితే ప్రాణానికే ముప్పు. ఆలస్యం చేయకూడదు” అంది డాక్టర్.

“చేయాల్సింది చేయండి మేడమ్” అంది శిల్ప.

“ఆగు! రోగం దాచిపెట్టి పిల్లనిచ్చినారు మీవాళ్లు. ఎవురింటి రోగానికి వైద్యం ఎవురు చేయించాల? బిడ్డనెత్తుకొని ఓర్వకల్లుకు, మీ అమ్మగారింటికే పో. నా కొడుక్కు ఇంగో సంబంధం చూసుకుంటా!”

మంగంపేట గనుల్లో డ్యూటీలో ఉన్న కొడుక్కి చేయడానికి ఫోన్ తీసింది.

శిల్పకు ఒళ్లు మండిపోయింది. పొద్దున బస్సెక్కే ముందు పిల్లను కాపాడమని దేవుడికి ముడుపు కట్టింది ఈ అత్త చేతులేనా? ఈ మాటలు కూడా ఆ దేవుడు వింటున్నాడా?

“ఏమత్తా, బిడ్డకు మార్కులొస్తే నీ కొడుకు పోలిక. పాట బాగా పాడితే నీ పోలిక. రోగమొస్తే మాత్రం నా పోలికా?”

“శానా నోరు లేస్తాండాదే నీకు! నేనన్నదాంట్లో తప్పేముండాది? అడుగు డాక్టరమ్మను!”

“అడగాల్సింది నేనేనమ్మా” అంది డాక్టర్. “కొన్ని కుటుంబాల్లో ఇది తరతరాలుగా వస్తుంది. అలాంటి ఇళ్లల్లో చాలామందికి ఊరికూరికే ముక్కులోంచి రక్తం కారుతుంటుంది. శిల్పా, మీ పుట్టింట్లో అట్లా ఎవరికైనా ఉందా?”

“ఎవురికీ లేదు మేడమ్.”

“అబద్ధం!” లక్ష్మీదేవమ్మ బల్ల గుద్ది లేచింది.

టప్పున ఎర్రటి చుక్క ఒకటి బల్ల మీద పడింది. వెనకే ఇంకొకటి. డాక్టర్ గబగబా దూది అందించింది. లక్ష్మీదేవమ్మ దాన్ని తోసేసి, కొంగుతో ముక్కు అదుముకుంటూ కసిరింది.

“నన్నేం జూస్తారు, దాన్నడగండి! నాది రోగం గాదు, ఉత్త వేడి. మా నాయనకూ ఉన్నింది, నా కొడుక్కూ ఉండాది!”