మూడో గది తలుపు

నాన్నకి ఇంగ్లీషు రాదని ఆయన పనిచేసే కోల్డ్ స్టోరేజీ రిపేర్ల యాప్ నేనే నింపుతాను. మూడో గది తలుపు లోపలినుంచి తెరుచుకోదు. పోయిన నెల నాన్నతో పనిచేసే వీరభద్రయ్య తాత అందులోనే చిక్కుకుని చనిపోయాడు. రేపు మిర్చి బస్తాలు సర్దడానికి నాన్న వెళ్లాలి. యాప్‌లో 'రిపేరు కాలేదు' అని ఉంటే గది తెరవరు.

రాత్రి సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. "అయిపోయిందని కొట్టెయ్ సింధూరీ."

"అవలేదు కదండీ."

"నీకెందుకే? చెప్పింది చెయ్!"

నేను ఫోన్ కట్ చేసి, 'రిపేరు కాలేదు' నొక్కాను. ఆయన మార్చేశాడు. మళ్లీ నొక్కబోతుంటే నాకంటే ముందే ఎవరో నొక్కారు. పేరు చూస్తే వీరభద్రయ్య.

మా క్వార్టర్స్ గోడ అవతల, తాళం వేసిన మూడో గదిలోంచి ఎవరో తలుపు తడుతున్నారు.

 నేనూ 'రిపేరు కాలేదు' నొక్కి, తాత పేరు కింద నా పేరూ పెట్టాను.