కిటికీ కాడి మనిషి

ఆ మనిషి మళ్లీ వచ్చి కిటికీ పక్కన ఆగాడు.

బీడీ చుడుతున్న పోశవ్వ చేతిలో తునికాకు అలాగే ఉండిపోయింది. ఇది వరుసగా నాలుగో రోజు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. సరిగ్గా ఐదున్నరకు సందులోకి వస్తాడు. సైకిలు గోడకు ఆనించి, చెయిను ఊడినట్టు కింద కూర్చుని కెలుకుతుంటాడు. ఆరు కొట్టగానే చేతులు దులుపుకుని వెళ్లిపోతాడు. రోజూ ఒకే వేళకు, ఒకే కిటికీ కింద ఊడే చెయిను మెట్‌పల్లి మొత్తంలో ఇంకే సైకిలుకూ ఉండదు.

కిటికీ లోపలి గదిలో టీవీ ఉంది, కొడుకు హనుమండ్లు దుబాయి నుంచి పంపింది. డిష్ వైరు వచ్చినప్పటి నుంచి ఐదున్నరకల్లా వాడకట్టు పిల్లలంతా అక్కడే. ఏదో బొమ్మల సినిమా అట, రోజుకింత వస్తుంది. పదిహేనేళ్ల పోరడు. చేతులు చాస్తే మెరుపులు పుడతాయి. వేరే లోకం నుంచి దిగిన ఇనుప రాక్షసులతో కొట్లాడతాడు. టీవీలో వాళ్లు ఏదో తెలియని భాషలో ఎంత అరిచినా, పిల్లలకు కథ చెప్పేది మాత్రం కోడలు బాలలక్ష్మే. టీవీ మెరుపులు చూస్తే పోశవ్వకు కళ్లు మంట. అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టుకుంటూ కోడలి గొంతు వింటుంది, అంతే.

ఈ నాలుగు రోజులుగా ఆ గొంతు మరీ పెరిగిందని ఆమె అనుమానం.

“రేపు పొద్దుగూకె యాళ్లకు పాత గోదాం కాడికి రా. ఒక్కనివే రావాలె!” లోపల బాలలక్ష్మి అరిచింది.

పోశవ్వ చేతిలోని బీడీ చాటలో వేసింది. తల తిప్పి చూసింది. ఆ మనిషి చెయిను వదిలేసి జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. గబగబా రాసుకుంటున్నాడు!

“నువ్వు ఆడ, నేను ఈడ. ఎన్ని దినాలని నీ తొవ్వ చూడాలె?” ఈసారి కోడలు మెల్లగా అంది. అవతల పెన్ను ఇంకా జోరుగా ఉరికింది.

పోశవ్వ బీడీల చాట పక్కన పెట్టి లేచింది. లోపల అప్పుడే సబ్బుల ప్రకటన మొదలైంది. కోడలిని చెయ్యి పట్టి దర్వాజ దగ్గరికి లాక్కొచ్చింది.

“ఎవడే వాడు?”

“ఎవలత్తా?”

“కిటికీ అవతల నిలవడ్డోడు. గోదాం కాడికి రమ్మన్నది ఎవల్ని?”

“అయ్యో, అది బొమ్మల కథ అత్తా! రాక్షసుడు ఆ పోరనితోని అంటడు.”

“ఏ లోకంల నుంచో దిగిన రాక్షసునికి మన పాత గోదాం యాడ ఎరుకనే?”

 బాలలక్ష్మి తల దించుకుని కొంగు అంచు వేలికి చుట్టుకుంది. అది చూడగానే పోశవ్వకు ఉన్న కాస్త సందేహమూ పోయింది.

“రేపు శుక్రారం. ఎస్టీడీ బూతుకు హనుమండ్లు ఫోను చేస్తడు. రేపు నేనే మాట్లాడుత.”

“అత్తా, గంత మాట అనకు! నేనేం చెయ్యలే...” కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

పోశవ్వ వినిపించుకోలేదు. నాలుగు అంగల్లో సందులోకి దిగి ఆ మనిషి చొక్కా పట్టుకుంది. బీడీ పొగాకు అంటిన వేళ్లు తెల్ల చొక్కా మీద అచ్చు వేశాయి.

“దొరికినవ్ కొడుకా! మగడు దేశం పోయిన ఆడిపిల్ల ఇంటి చుట్టు తిరుగుడేంది? ఏం రాసుకున్నవో సదువు!”

“అవ్వా, జర మెల్లగ... నలుగురు ఇంటరు.”

“ఇననీ! సదువు!”

ఆ మనిషి పుస్తకం తెరిచి చదివాడు. “మెరుపు పోరడు: నేనొక్కన్నే వస్త. నా దోస్తుల జోలికి పోతే నీ ఇనుప బొక్కలు ఇరగ్గొడుత.”

పోశవ్వ పట్టు కాస్త సడలింది. “ఇదేంది? ఎవలు నువ్వు?”

“సుదర్శన్‌రావును అవ్వా. పెద్ద బడిల పంతులును.”

“ఏం చెప్తవు పిల్లలకు?”

అతడు సందు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “ఇంగ్లీషు.”

“అయితే?”

“క్లాసుల పిల్లలు పానం తీస్తున్రు. సార్, ఆ మెరుపు పోరడు ఇంగ్లీషుల ఏమంటుండు అని. రేపు చెప్త అని గొప్పకు అన్న. హోటల్ల కూసొని చూసిన. పుస్తకంల ఇంగ్లీషైతే ఎంతైనా చెప్త గని, ఆ తెల్లోళ్ల నోట్లెకెల్లి వచ్చేది ఒక్క ముక్క సమజ్ కాలే. పరేషాన్ అయిపోయిన. ఇటు పోతుంటే మీ కోడలు తెలుగుల చెప్పుడు ఇనవడ్డది. రాసుకపోయి బడిల నేను చెప్పినట్టే చెప్తున్న. నిన్న హెడ్మాస్టర్ సుత భుజం తట్టిండు. అవ్వా, ఈ ముచ్చట ఎవలకు చెప్పకు. నా ఇజ్జత్ పోతది.”

పోశవ్వ అతని చొక్కా వదిలేసి తన చేత్తోనే మడతలు సవరించింది. కోడలిని అనవలసినవి, అనరానివి అన్నీ అనేసింది. ఇప్పుడు ఆమె ముఖం ఎలా చూడటం? ఆ సిగ్గు వెనకే ఎక్కడలేని గర్వమూ పొంగుకొచ్చింది. ఇంగ్లీషు సారుకే రాని ఇంగ్లీషు తన కోడలికి వచ్చు!

“బిడ్డా, నాకెన్నడు చెప్పకపోతివి! ఇటు రా, సారుకు నమస్తె పెట్టు.”

బాలలక్ష్మి కళ్లు తుడుచుకుంటూ దర్వాజ దాటి వచ్చింది. సుదర్శన్‌రావే ముందుగా చేతులు జోడించాడు.

“ఏమనుకోకమ్మా. ఆ ఇంగ్లీషు గంత మంచిగ యాడ నేర్చుకున్నవ్?”

ఆమె అత్తను చూసింది, సారును చూసింది, ఆయన చేతిలోని పుస్తకాన్ని చూసింది.

“నాకు ఏబీసీడీలు సుత రావు సారూ... బొమ్మలు చూసుకుంట, నా మనసుల ఏమనిపిస్తే అదే చెప్తున్న.”