గ్రహణం నీళ్లు

బద్వేలు సంతలో ఉప్పు కొలిపించుకుంటూ ఓబులమ్మ బండివాణ్ణి అడిగింది.

"ఏమప్పా, మీ ఊరు సముద్రం పక్కనే కదా. గ్రహణం నాడు పెన్న మొగలో నీళ్లు యాడా లేనట్టు పొంగుతాయంట, నిజమేనా?"

వెనక సంచి పట్టుకుని నిలబడిన ఆమె భర్త పుల్లయ్య, "పొద్దు పోతాండాది, పద" అన్నాడు.

"ఉండు. నా కొడుకును తీసకపోయిన నీళ్లు. అడగనీ."

ఏడాది కిందట చంద్రగ్రహణం విడుపు స్నానానికని తండ్రీ కొడుకులు పెన్న సముద్రంలో కలిసే చోటికి పోయారు. పుల్లయ్య ఒక్కడే తిరిగి వచ్చాడు. గ్రహణం పట్టిన నీళ్లు ఉన్నట్టుండి లేచాయన్నాడు. ఓబులమ్మ అతన్ని ఒక్క మాట అనలేదు. అన్నం ముట్టని మనిషికి, "గ్రహణానికి నువ్వేం అడ్డం పడతావు?" అని తానే ముద్దలు కలిపి పెట్టింది.

బండివాడు మానిక కింద పెట్టాడు.

"గ్రహణంతో పనేముందమ్మా? ప్రతి పున్నానికీ అమాసకీ సముద్రం పోటు అట్నే వస్తాది. వేళ కూడా తప్పదు. చేపలు పట్టేవాళ్లు ఒడ్డున నిలబడి, నీళ్లలో ఉన్నోళ్లందరినీ కేకేసి పైకి పిలుస్తారు."

ఓబులమ్మ భర్త వైపు తిరిగింది.

"మిమ్మల్ని ఎవురూ పిలవలేదా?"

పుల్లయ్య చేతిలోని సంచి బండి మీద పెట్టాడు.

"పిలిచినారు" అన్నాడు. "వాడు పోదామనే అన్న్యాడు. ఇంగ మూడు మునకలు ఉండాయని నేనే ఆపినా."